వీర్యానికి విత్తనం ఏది? దాన్ని ఎలా నాటుతారు?

ఆడపిల్ల పుట్టేనాటికే ఆమె అండాశయాల్లో సుమారు 10 లక్షల అండకణాలు సిద్ధంగా ఉంటాయి. ఆ తర్వాత తరగడమే గాని పెరగడం లేదు. మగపిల్లాడి లెక్క వేరు. వాడు పుట్టినప్పుడు వృషణాల్లో ఒక్క వీర్యకణమైనా ఉండదు. 12, 13 ఏళ్ళ వయసులో తయారీ మొదలవుతుంది. మొదలయ్యాక పగలనక రాత్రనక సాగుతూనే ఉంటుంది. గుండె ఒకసారి కొట్టుకునేలోపు వెయ్యికి అటూ ఇటూగా కొత్త వీర్యకణాలు తయారవుతాయి. 70 దాటినవాళ్ళు తండ్రులైన కబుర్లు మనం అప్పుడప్పుడూ వింటూనే ఉంటాం.

ఇంత సరుకు ఎక్కడి నుంచి వస్తోంది? ఇన్నేళ్ళు తీస్తున్నా ఎందుకు అయిపోదు? ఈ రెండు ప్రశ్నల వెంట పడినవాళ్ళకే ఒక జంతువు వృషణంలోని కణాల్ని ఇంకో జంతువు వృషణంలోకి మార్చే పద్ధతి చిక్కింది. దాని మీద ఇవాళ కాన్సర్ పిల్లల తల్లిదండ్రులూ ఆశ పెట్టుకున్నారు, సంతానం లేని మగవాళ్ళకి మాయమాటలు చెప్పేవాళ్ళూ కన్ను వేశారు. అందుకని కాస్త నెమ్మదిగా, మొదటి నుంచీ చూద్దాం.

వృషణంలో అసలేం జరుగుతుంది?

వృషణాన్ని కోసి చూస్తే సన్నని గొట్టాలు మెలికలు తిరిగి కిక్కిరిసి ఉంటాయి. పాఠ్యపుస్తకాల్లో వీటిని శుక్రోత్పాదక నాళికలంటారు. మనం నాళికలు అనుకుంటే చాలు. ఒక నాళికను అడ్డంగా కోస్తే, గోడకి ఆనుకుని లేత కణాలు, లోపలికి వచ్చేకొద్దీ ముదిరిన కణాలు, నడిమి ఖాళీలో తోకలు వచ్చిన వీర్యకణాలు కనిపిస్తాయి. గోడ దగ్గర బయల్దేరిన కణం నడిమికి చేరడానికి మనిషిలో దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. దారి పొడవునా వాటి బాగోగులు చూసేవి సెర్టోలి కణాలు. 1865లో ఇటలీకి చెందిన ఎన్రికో సెర్టోలి వీటిని వర్ణించాడు, ఆయన పేరే ఉండిపోయింది.

గోడ దగ్గరి లేత కణాల్లో అన్నీ ఒక్కటి కావు. చాలావాటికి ముందుకు పోవడమే తెలుసు. కొన్ని సార్లు చీలి, ముదిరి, వీర్యకణాలై వెళ్ళిపోతాయి. బహు కొద్ది కణాలు మాత్రం చీలినప్పుడల్లా తమలాంటి వాటిని కొన్నిటిని వెనక ఉంచుకుంటాయి. పూర్వం రైతు కుప్ప నూర్చగానే ముందు విత్తనపు వడ్లు తీసి విడిగా దాచేవాడు, ఇంట్లో తిండికి కటకటలాడినా వాటి జోలికి పోయేవాడు కాదు. ఈ కణాలదీ అదే పద్ధతి. వీటినే వీర్య మూలకణాలంటున్నాం. అవి ఉన్నంతకాలం పంటకి లోటు లేదు. అవి పోతే ఆ మగవాడి జీవితంలో ఇక వీర్యకణం పుట్టదు.

వాటిని చూసి గుర్తుపట్టలేరా?

గుర్తుపట్టలేరు, చిక్కంతా అక్కడే. చిట్టెలుక వృషణంలో 10 వేల కణాలు లెక్కపెడితే మూలకణాలు రెండో మూడో ఉంటాయి. పోనీ వాటికి ప్రత్యేకమైన రూపం ఉందా అంటే లేదు. సూక్ష్మదర్శిని కింద పక్కనున్న మామూలు లేత కణం ఎలా ఉంటుందో ఇదీ దాదాపు అలాగే ఉంటుంది. కణం పైపొర మీది కొన్ని ప్రోటీన్లను బట్టి కొంత వడపోయగలుగుతున్నారు, అయినా ఆ వడపోతలో మూలకణాలతో పాటు మామూలువీ వచ్చేస్తాయి.

అలాంటప్పుడు ఫలానాది మూలకణమని రుజువు చేసేదెలా? దాని పని దాని చేత చేయించి చూడటమే. మూలకణానికి నిర్వచనం రూపంలో లేదు, పనిలో ఉంది: ఖాళీ వృషణంలో పడేస్తే అది గోడకి చేరి, స్థిరపడి, తానూ పెరిగి, నెలల తరబడి వీర్యకణాల్ని పుట్టించాలి. అలా చేస్తే మూలకణం, చేయకపోతే కాదు. ఎముక మజ్జ విషయంలో శాస్త్రవేత్తలు అంతకు ముందే ఈ తర్కంతో నడిచారు. మజ్జ నాశనమైన ఎలుకకి ఇంకో ఎలుక మజ్జ ఎక్కిస్తే రక్తం మళ్ళీ పుడుతుంది, కాబట్టి ఆ మజ్జలో రక్త మూలకణాలు ఉన్నట్టే.

వృషణంలోనూ అదే ఎందుకు చేయకూడదని అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పశువైద్య శాస్త్రవేత్త రాల్ఫ్ బ్రిన్‌స్టర్ అనుకున్నాడు. ఆయన అప్పటికే పేరున్నవాడు. 1982లో రిచర్డ్ పామిటర్‌తో కలిసి, ఎలుక పెరుగుదల హార్మోన్ జన్యువుని చిట్టెలుకలో పెట్టి దాన్ని మామూలుకన్నా ఎంతో పెద్దదిగా పెంచిన ప్రయోగం ఆయనదే. 1994లో ఆయన బృందం ఒకే పత్రికలో రెండు వ్యాసాలు వేసింది, ఒకటి జేమ్స్ జిమ్మర్‌మన్‌తో, ఇంకొకటి మేరీ అవర్‌బాక్‌తో. ఈ రంగం ఆ రెండు వ్యాసాలతోనే పుట్టింది.

నా ఉద్దేశంలో దీని గురించి రాసేవాళ్ళు తరచు తప్పేది ఇక్కడే. కణ మార్పిడిని మొదటి నుంచీ ఒక చికిత్సలాగా చెప్పేస్తారు. అది పుట్టింది చికిత్సగా కాదు, పరీక్షగా. ఇవాళ్టికీ ప్రయోగశాలల్లో దాని ప్రధానమైన ఉపయోగం అదే. ఎవరైనా కొత్త పద్ధతిలో వీర్య మూలకణాల్ని వేరుచేశామనో, గాజు పళ్ళెంలో పెంచామనో చెబితే, మిగతావాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే: నాటి చూశారా?

నాటడం ఎలా?

నాటాలంటే ముందు ఖాళీ కావాలి. మామూలు వృషణంలో గోడ వెంట జాగాలన్నీ నిండి ఉంటాయి. ఖాళీ చేయడానికి రెండు దారులున్నాయి. కిట్ అనే జన్యువులో లోపంతో పుట్టే ఒక జాతి చిట్టెలుకలకి వృషణాల్లో నాళికలూ సెర్టోలి కణాలూ ఉంటాయిగాని వీర్యం తయారు కాదు. అది పుట్టుకతో దొరికిన ఖాళీ. రెండో దారి బుసల్ఫాన్ అనే మందు. అది చీలే కణాల్ని చంపుతుంది, మూలకణాల్నీ వదలదు. ఈ మందు పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక నాటే కణాలు. బ్రిన్‌స్టర్ వాడిన దాత చిట్టెలుకల్లో ఒక బాక్టీరియా జన్యువు ఉంది. ఆ జన్యువున్న కణాలకి ఒక రసాయనం తగిలిస్తే నీలంగా మారతాయి. కాబట్టి తర్వాత వృషణంలో నీలంగా కనబడేదంతా దాతదే, వాదనకి తావు లేదు. దాత వృషణాన్ని ఎంజైములతో కరిగించి కణాల్ని విడివిడిగా ద్రవంలో తేలేలా చేస్తారు. మంచీ చెడ్డా అన్ని రకాలూ అందులో కలిసే ఉంటాయి.

మత్తు ఇచ్చిన చిట్టెలుకని సూక్ష్మదర్శిని కింద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట దగ్గర చిన్న గాటు పెట్టి వృషణాన్ని బయటికి తీస్తారు. కందిగింజకన్నా కాస్త పెద్దది. గాజు గొట్టాన్ని వేడి మీద సాగదీసి చేసిన పిపెట్ మొన సుమారు 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందం కన్నా తక్కువ. దాన్ని ఒక్కొక్క నాళికలోకి గుచ్చవచ్చు, కాని అంత ఓపిక ఎవరికి? అందుకే నాళికలన్నీ వచ్చి కలిసే జాలంలోకి గాని, అక్కణ్ణించి బయటికి పోయే శుక్రనాళికలోకి గాని మొన దించి, వీర్యం బయటికి వచ్చే దారినే వెనక్కి ఎక్కిస్తారు. పట్టే ద్రవం 10 మైక్రోలీటర్లు, బొట్టులో ఐదోవంతు. అందులో ట్రిపాన్ బ్లూ అనే రంగు కలుపుతారు. పిపెట్ తోయగానే తెల్లగా ఉన్న నాళికలు ఒకదాని తర్వాత ఒకటి నీలంగా తేలుతూ పోతాయి. ముప్పావు వంతు నాళికలు రంగెక్కితే మంచి చేయి కింద లెక్క. ఎక్కువ ఒత్తితే నాళిక పగిలి కణాలు బయటికి కారిపోతాయి, అక్కడితో ఆ జంతువు పని అయిపోయినట్టే. వృషణాన్ని మళ్ళీ లోపల పెట్టి కుట్టేసి, రెండు మూడు నెలలు ఆగుతారు.

ఆ తర్వాత వృషణాన్ని తీసి రసాయనంలో వేస్తే నాళికల వెంట అక్కడక్కడ నీలపు పట్టీలు కనిపిస్తాయి. ఒక్కో పట్టీ దాదాపుగా ఒక్కో మూలకణం సంతానం. పట్టీలు లెక్కపెడితే ఎక్కించిన ద్రవంలో ఎన్ని మూలకణాలు కుదురుకున్నాయో తెలిసిపోతుంది. ఇంత సూటిగా లెక్క చెప్పే పరీక్ష జీవశాస్త్రంలో తరచుగా దొరకదు.

1994 నాటి రెండో వ్యాసంలో అసలు విశేషం ఉంది. అలా నాటించుకున్న మగ చిట్టెలుకల్ని ఆడవాటితో కలిపితే పిల్లలు పుట్టాయి. కొన్ని మగవాటికి పుట్టిన పిల్లల్లో 80 శాతం దాకా దాత జన్యువులతోనే పుట్టాయి. కన్న తండ్రి ఒకటి, బీజం ఇంకొకదానిది.

నడిమిలో పోసిన కణం గోడ దాకా ఎలా పోతుంది?

ఇది మంచి ప్రశ్న. మామూలుగా కణాల ప్రయాణం గోడ నుంచి నడిమికి. ఎక్కించిన కణాలు పడేది నడిమి ఖాళీలో, వాటి జాగా ఉన్నది గోడ దగ్గర. అంటే మూలకణం ఎదురు నడవాలి. పైగా మధ్యలో సెర్టోలి కణాలు ఒకదానితో ఒకటి బిగించుకుని కట్టిన అడ్డుగోడ ఉంది. రక్తంలోని రోగనిరోధక కణాలు వీర్యకణాల్ని పరాయివిగా చూసి దాడి చేయకుండా ఆపేది ఆ అడ్డే.

అయినా మూలకణం దాన్ని దాటుతుంది. ఎక్కించిన మొదటి వారంలో చాలా కణాలు చచ్చి కొట్టుకుపోతాయి, కొద్దివి మాత్రం గోడని పట్టుకుంటాయి. నెల తిరిగేసరికి గోడ వెంట ఒక వరసగా పరుచుకుంటాయి. అక్కణ్ణించి లోపలికి పొరలు పొరలుగా ముదరడం మొదలవుతుంది. గోడని పట్టుకోవడానికి కణం పైనున్న బీటా1 ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్ కావాలని జపాన్‌లోని క్యోటో బృందం 2008లో చూపింది. అది లేని మూలకణాలు గోడ మీద సరిగ్గా కుదురుకోలేకపోయాయి. అడ్డుగోడ ఇంకా కట్టుకోని పసి చిట్టెలుకల్లో ఎక్కిస్తే పెద్దవాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కణాలు కుదురుకుంటాయి. అడ్డు ఎంత ఇబ్బంది పెడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంటి యజమాని మాట చెల్లుతుందా, అద్దెకున్నవాడి మాటా?

ఇక్కడ నాకు బాగా నచ్చిన ఒక ప్రయోగం చెప్పకుండా ముందుకు పోలేను. 1996లో బ్రిన్‌స్టర్ బృందం పెద్ద ఎలుక మూలకణాల్ని చిట్టెలుక వృషణంలో నాటింది. రెండూ చూడటానికి దగ్గర చుట్టాలే గాని, పరిణామంలో కోటి ఏళ్ళకి పైగానే విడిపోయిన జాతులు. అయినా చిట్టెలుకలో ఎలుక వీర్యకణాలు తయారయ్యాయి. ఎలుక వీర్యకణం తల కొడవలి వంకరతో, చిట్టెలుకదానికన్నా పొడుగ్గా ఉంటుంది గనక పోల్చుకోవడం కష్టం కాలేదు.

అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. వీర్యం ముదరడంలో ఒక్కో చక్రానికి చిట్టెలుకలో 8.6 రోజులు, ఎలుకలో 12.9 రోజులు పడుతుంది. ఈ గడియారం ఎవరి చేతిలో ఉంది? పెంచి పోషించే సెర్టోలి కణాల చేతిలోనా, పెరిగే బీజకణం చేతిలోనా? చాలామంది సెర్టోలి కణాల వైపే మొగ్గేవారు, పోషణంతా వాటిదే కదా అని. 1998లో ఫలితం వచ్చింది. చిట్టెలుక సెర్టోలి కణాల ఒడిలో పెరుగుతున్నా ఎలుక కణాలు ఎలుక వేగంతోనే నడిచాయి. పక్కనే మిగిలిన చిట్టెలుక కణాలు తమ వేగంతో నడిచాయి. ఒకే ఇంట్లో రెండు గడియారాలు. నాటడమనే పద్ధతి లేకపోతే ఈ ప్రశ్నని విడదీసి అడగడానికి వీలే లేదు.

అయితే జాతుల దూరం పెరిగితే కథ మారుతుంది. కుందేలు, కుక్క, పశువుల కణాలు చిట్టెలుకలో గోడ దాకా చేరి నిలబడతాయి, ముదరవు. మనిషి కణాలదీ అంతే. 2002లో మకోటో నగానో, బ్రిన్‌స్టర్ బృందం చూపినది అదే: మనిషి మూలకణాలు చిట్టెలుక వృషణంలో ఆరు నెలల దాకా బతికాయి, మొదట్లో కొంత పెరిగాయి, అక్కడే ఆగిపోయాయి. చిట్టెలుకలో మనిషి వీర్యం పుట్టించే పని జరగలేదు. చాలామందికి ఊరట కలిగించే సంగతే ఇది.

మనుషుల్లో దీని అవసరం ఎవరికి?

బుసల్ఫాన్ గుర్తుందా? చిట్టెలుక వృషణాన్ని ఖాళీ చేసే ఆ మందునే, ఎముక మజ్జ మార్పిడికి ముందు పిల్లలకి ఇస్తారు. లుకేమియా పిల్లలకీ, తలసేమియా పిల్లలకీ, సికిల్ సెల్ పిల్లలకీ. పాత మజ్జని ఖాళీ చేస్తేగాని కొత్తది కుదురుకోదు గనక ఇవ్వక తప్పదు. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కొన్ని కాన్సర్ మందులూ మోతాదు పెరిగితే ఇదే పని చేస్తాయి. వృషణాలకి నేరుగా రేడియేషన్ తగిలితే సరేసరి. ఇవాళ పిల్లల కాన్సర్లలో చాలావాటికి మంచి వైద్యం ఉంది, పిల్లలు బతికి పెద్దవాళ్ళవుతున్నారు. పాతికేళ్ళు వచ్చి పెళ్ళి మాట ఎత్తినప్పుడు ఈ సంగతి బయటపడుతుంది.

పెద్దవాళ్ళకైతే దారి సులువు. మందు మొదలుపెట్టక ముందే వీర్యం తీసి ద్రవ నైట్రోజన్‌లో, సున్నాకి దిగువన 196 డిగ్రీల చలిలో దాచిపెట్టవచ్చు. ఎన్నేళ్ళ తర్వాతైనా పనికొస్తుంది. ఐదేళ్ళ పిల్లాడికి అలా కుదరదు, వాడి ఒంట్లో వీర్యకణమే లేదు. ఉన్నది మూలకణం. కాబట్టి వృషణం నుంచి చిన్న ముక్క తీసి దాన్నే చలిలో దాచడం ఒక్కటే దారి. బ్రస్సెల్స్‌లోని విశ్వవిద్యాలయ ఆసుపత్రి 2002 నుంచీ ఈ పని చేస్తోంది. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో కైల్ ఆర్విగ్ బృందం కొన్నేళ్ళకి మొదలుపెట్టింది. ఈ ఆర్విగ్ బ్రిన్‌స్టర్ దగ్గర పనిచేసి వెళ్ళినవాడే. గడ్డకట్టిన మూలకణాలు కరిగించాక మళ్ళీ పనిచేస్తాయని బ్రిన్‌స్టర్ బృందం 1996లోనే చిట్టెలుకల్లో చూపింది. ఆ ధైర్యంతోనే ఆసుపత్రులు దాచడం మొదలుపెట్టాయి. తిరిగి వాడుకునే పద్ధతి మనిషిలో ఇంకా తేలకముందే పిల్లల కణజాలాన్ని దాస్తున్నారన్నమాట. తొందరపాటని అనేవాళ్ళున్నారు. నాకైతే ఇది సబబే అనిపిస్తుంది. మందు పడ్డాక దాచడానికి ఏమీ మిగలదు, పద్ధతి కోసం మాత్రం పదిహేనేళ్ళు ఆగవచ్చు.

తిరిగి పెట్టడం ఎందాకా వచ్చింది?

మనిషికి దగ్గరి జంతువు కోతి. 2012లో ఆర్విగ్ బృందం రీసస్ కోతుల మీద ఫలితాలు ప్రకటించింది. కోతులకి మందిచ్చి వృషణాలు ఖాళీ చేసి, ముందే తీసి దాచిన వాటి సొంత కణాల్నే తిరిగి ఎక్కించారు. పెద్ద కోతుల్లో 12కి 9, పిల్లప్పుడు ఎక్కించుకున్న 5 కోతుల్లో 3, వీర్యకణాలు పుట్టించాయి. వేరే కోతి కణాలు ఎక్కించిన ఒక మగకోతి వీర్యంతో అండాల్ని ఫలదీకరిస్తే, దాత జన్యువులున్న పిండాలు కూడా తయారయ్యాయి.

ఇంకో దారి కణాల్ని విడదీయకుండా ముక్కని ముక్కగానే నాటడం. 2019లో అదే బృందం, పసి కోతి వృషణపు ముక్కల్ని గడ్డకట్టించి, తర్వాత అదే కోతి చర్మం కింద అమర్చింది. అది ఈడుకొచ్చాక ఆ ముక్కల్లో వీర్యకణాలు పుట్టాయి. వాటిని తీసి అండంలోకి సూదితో ఎక్కిస్తే ఒక ఆడపిల్ల పుట్టింది. దానికి గ్రేడీ అని పేరు పెట్టారు.

ఈ రెండు దారులకీ తేడా ఉంది. ముక్కని నాటితే మూలకణం తన ఇల్లూ వాకిలితో సహా వస్తుంది, గోడ దాకా ఎదురీదే బాధ లేదు. కాని చర్మం కింద పుట్టిన వీర్యానికి బయటికి దారి లేదు గనక టెస్ట్‌ట్యూబ్ పద్ధతి తప్పదు. కణాల్ని ఎక్కించడం కుదిరితే, వీర్యం దాని దారిన అది వస్తుంది, మామూలుగానే బిడ్డ కలగవచ్చు. అందుకే కష్టమైనా దాన్ని వదలడం లేదు.

మనుషుల్లో మొదటి అడుగులు ఇప్పుడిప్పుడే పడుతున్నాయి. 1990ల చివర ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పెద్దవయసు కాన్సర్ రోగులు కొందరికి వాళ్ళ కణాలు తిరిగి ఎక్కించారు గాని, దానివల్ల బిడ్డలు కలిగారని చెప్పగలిగే ఫలితం రాలేదు. చిన్నప్పుడు దాచిన కణాల సంగతి వేరు. 11 ఏళ్ళప్పుడు ఎముక కాన్సర్ వచ్చిన ఒక యువకుడికి, అప్పట్లో దాచిన కణాల్ని 2023లో పిట్స్‌బర్గ్ బృందం తిరిగి ఎక్కించి, 2025లో ఆ సంగతి ప్రకటించింది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ నాళికల జాలంలోకి సూది దించారు. ప్రకటించేనాటికి అతని వీర్యంలో కణాలు కనబడలేదు. 2025 జనవరిలో బ్రస్సెల్స్ ఆసుపత్రి, బాల్యంలో దాచిన ముక్కల్ని ఒక యువకుడికి తిరిగి అమర్చినట్టు ప్రకటించింది. ఇవి భద్రతని చూసే తొలి ప్రయత్నాలు. చికిత్స అనే మాట ఇప్పుడే వాడకూడదు.

ఎక్కడ అడ్డం పడుతోంది?

మొదటిది లెక్క. పసివాడి వృషణం నుంచి తీసేది చిన్న ముక్క, అందులో మూలకణాలు బహు తక్కువ. వాడు పెద్దయ్యాక వృషణం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఉన్న కాసిన్ని కణాల్లోనూ కుదురుకునేవి కొన్నే. కాబట్టి ముందు గాజు పళ్ళెంలో పెంచి ఎక్కువ చేయాలి. చిట్టెలుకల్లో ఇది సాధ్యమైంది. సెర్టోలి కణాలు ఇచ్చే జీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ పోస్తే మూలకణాలు నెలల తరబడి పెరుగుతూనే ఉంటాయని 2003లో క్యోటోలో తకాషి షినోహరా బృందం, 2004లో బ్రిన్‌స్టర్ బృందం చూపాయి. మనిషి కణాలతో మాత్రం అందరి చేతుల్లోనూ ఒకేలా పనిచేసే పద్ధతి ఇంకా లేదు. నాకు తెలిసి ఈ రంగంలో అతి పెద్ద ముడి ఇదే, మిగతావి దీని తర్వాతే.

రెండోది భయం. లుకేమియా పిల్లాడి వృషణంలో కాన్సర్ కణాలు దాగి ఉండవచ్చు. వాణ్ణి బతికించి, పదిహేనేళ్ళ తర్వాత ఆ కణాల్ని మళ్ళీ వాడికే ఎక్కిస్తే? 2001లో ఎలుకల్లో చేసిన ప్రయోగంలో, ఎక్కించిన ద్రవంలో 20 లుకేమియా కణాలుంటే చాలు, రోగం వచ్చింది. కాబట్టి లుకేమియా పిల్లల విషయంలో ముక్కని ముక్కగా నాటడం అసలే తగదు. కణాల్ని వడపోసి వేరుచేసే పద్ధతులున్నా, నూటికి నూరుపాళ్ళు నమ్మదగ్గది లేదు. తలసేమియా, సికిల్ సెల్ పిల్లలకి ఈ బెడద లేదు. అందుకే ముందుగా మేలు జరిగేది వాళ్ళకే కావచ్చు.

మూడోది ధర్మం. ఒకరి కణాలు ఇంకొకరికి ఎక్కిస్తే పుట్టే బిడ్డ దాత బిడ్డే. అందుకే మనుషుల్లో సొంత కణాల మాటే తప్ప వేరే మాట లేదు. చిట్టెలుక మూలకణంలో జన్యులోపాన్ని క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో సరిచేసి నాటితే, లోపం లేని పిల్లలు పుట్టాయని 2015లో చైనా శాస్త్రవేత్తలు చూపారు. మనిషిలో ఆ మార్పు తరతరాలకీ దిగిపోతుంది గనక, మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు దాన్ని అనుమతించవు.

పశువులకీ చేపలకీ?

ఇక్కడ పని చకచకా సాగుతోంది. నానోస్2 అనే జన్యువు లేకుండా పుట్టించిన మగజంతువుకి బీజకణాలు ఉండవు, మిగతా వృషణమంతా సలక్షణంగా ఉంటుంది, మందు అక్కర్లేని ఖాళీ. అలాంటి పందులు, మేకల్లో దాత కణాలు నాటి వీర్యం పుట్టించామని 2020లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జాన్ ఓట్లీ బృందం ప్రకటించింది. మేలుజాతి ఆంబోతు బీజాన్ని ఎండకి తట్టుకునే నాటు గిత్తలో పెట్టి మందలోకి వదలాలన్నది వాళ్ళ ఆలోచన. టోక్యోలో గోరో యోషిజాకి బృందం 2007లో, గొడ్డు సాల్మన్ చేపల్లో ట్రౌట్ చేప బీజకణాలు నాటింది. ఆ సాల్మన్ జంటలు కన్నవన్నీ ట్రౌట్ పిల్లలే. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థకి చెందిన లాకోన్స్ కేంద్రంలో, పసి మూషిక జింక వృషణపు ముక్కల్ని గడ్డకట్టించి, తర్వాత చిట్టెలుకల చర్మం కింద నాటి, బీజకణాలు ముదరడం చూశారు. అంతరించిపోయే జాతిలో ఈడుకు రాకముందే చచ్చిన పిల్ల బీజాన్ని కాపాడుకోవచ్చా అన్నది అక్కడి ప్రశ్న.

సంతానం లేనివాళ్ళకి ఇప్పుడేమైనా ఉపయోగమా?

లేదు. వీర్యకణాలు తక్కువగా ఉన్నాయనో, అసలు లేవనో తేలిన మగవాడికి కొవ్వు నుంచో మజ్జ నుంచో తీసిన మూలకణాలు పొడిచి వీర్యం పుట్టిస్తామని ఎవరైనా చెబితే, అది ఇక్కడ చెప్పుకున్న పని కాదు. ఆ కణాలు వీర్య మూలకణాలే కావు. ఒక్క రక్త సంబంధ రోగాలకి ఇచ్చే మూలకణ మార్పిడి తప్ప, మిగతా ఏ మూలకణ ప్రయోగమైనా అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ట్రయల్‌లో చేరినవాళ్ళ దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. లక్షలు అడిగితే లేచి వచ్చేయండి. పైగా లోపం జన్యువుల్లో ఉన్నా, సెర్టోలి కణాల్లో ఉన్నా, సొంత మూలకణాన్ని ఎంత నాటినా ఫలితం ఉండదు.

కాన్సర్ వచ్చిన మగపిల్లాడున్న ఇంటివాళ్ళకి మాత్రం ఒక మాట. మొదటి కీమో బాటిల్ ఎక్కక ముందే డాక్టర్ గారిని అడగండి: ఈ మందులు వీడి సంతానశక్తిని దెబ్బతీస్తాయా? ఎంతవరకు? పిల్లాడు ఈడుకొచ్చినవాడైతే వీర్యం దాచడం ఒకటి రెండు రోజుల పని. అది ప్రయోగం కాదు, ఎన్నో ఏళ్ళుగా జరుగుతున్న మామూలు పనే. ఈడుకు రాకపోతే, కణజాలం దాచే వీలు ఎక్కడుందో, అది ఇంకా పరిశోధన స్థాయిలోనే ఉందని తెలిసే, కనుక్కోండి. ఆ గాభరాలో ఈ సంగతి అడగడానికి నోరు రాదు, పిల్లాడు బతికితే చాలనిపిస్తుంది. డాక్టర్లూ ఒక్కోసారి ఎత్తరు. మీరే అడగండి, మందు మొదలైన తర్వాత అడిగి లాభం లేదు.